ఎంబీఏ ప్రాజెక్ట్: టాపిక్ దొరికింది సరే, ప్రశ్న ఏది?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ ఎంబీఏ కాలేజీ లైబ్రరీలోనైనా పాత ప్రాజెక్ట్ రిపోర్టుల అల్మారా తెరిచి చూడండి. ఫలానా బ్యాటరీ కంపెనీలో ఉద్యోగుల సంతృప్తిపై అధ్యయనం, ఫలానా డెయిరీలో వర్కింగ్ క్యాపిటల్‌పై అధ్యయనం, ఫలానా బ్యాంకులో ఖాతాదారుల అభిప్రాయాలపై అధ్యయనం. కంపెనీ పేరు కొట్టేసి పక్క కంపెనీ పేరు రాసినా లోపల పెద్దగా మార్చాల్సింది ఉండదు. పిల్లలకు బద్ధకం అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, నిజానికి వాళ్లు పడే పాట్లు తక్కువేం కావు. వంద మంది దగ్గరికి వెళ్లి ప్రశ్నాపత్రాలు నింపిస్తారు, ఎస్పీఎస్ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ముందు రాత్రుళ్లు కూర్చుంటారు, మార్జిన్లు సరిగ్గా లేవని బైండింగ్ షాపు చుట్టూ తిరుగుతారు. అంత శ్రమా ఒక్క పని చేయకుండానే మొదలుపెడతారు. ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో ఒక్క వాక్యంలో, ప్రశ్నార్థకం పెట్టి, రాసుకోరు.

కంపెనీలో చేసే ప్రాజెక్టులో ఈ లోటు బయటపడదు. సమస్య ఏమిటో మేనేజర్ చెబుతాడు, రికార్డులు వాళ్లే ఇస్తారు, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారు. అదే సొంతంగా పరిశోధన పత్రం రాయాల్సి వస్తే, ముఖ్యంగా ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదివేవాళ్లకు, ఇవేవీ ఉండవు. గైడ్ సంతకం పెడతారు, దారి తప్పితే చెబుతారు. ప్రశ్న మాత్రం మనమే తెచ్చుకోవాలి.

మన జిల్లాలోనిదే ఒక ఉదాహరణ తీసుకుందాం. దేశంలో మామిడి గుజ్జు తయారీకి రెండు పెద్ద కేంద్రాలున్నాయి. ఒకటి చిత్తూరు, రెండోది సరిహద్దు దాటితే వచ్చే తమిళనాడులోని కృష్ణగిరి. చిత్తూరు గుజ్జుకు ఆధారం తోతాపురి. 2025 సీజన్‌లో ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు అందేలా ప్రభుత్వం ఒక లెక్క ప్రకటించింది. ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, మిగతా 4 రూపాయలు సర్కారు ఇస్తుంది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన ఫొటోలు అప్పట్లో అన్ని పేపర్లలోనూ వచ్చాయి. ఇది చూసిన ఎంబీఏ విద్యార్థికి వెంటనే తట్టే శీర్షిక ఏమిటి? 'చిత్తూరు జిల్లాలో మామిడి మార్కెటింగ్ సమస్యలపై ఒక అధ్యయనం'.

ఇది టాపిక్. దీనికి జవాబంటూ ఉండదు. ధర, రవాణా, దళారులు, తెగుళ్లు, ఎగుమతులు, అప్పులు అన్నీ ఇందులో పట్టేస్తాయి. అన్నీ పట్టేవి కాబట్టే చివరికి ప్రతి దాని గురించీ రెండు పేరాలు రాసి, 'ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి' అని ముగించాల్సి వస్తుంది.

ఇప్పుడు దీన్నే కాస్త బిగించి చూడండి. తోతాపురి రైతు కాయను నేరుగా గుజ్జు ఫ్యాక్టరీకి తోలవచ్చు, లేదంటే దగ్గర్లోని ర్యాంపులో, అంటే వ్యాపారులు కాయ కొనే చోట, అమ్ముకోవచ్చు. ఫ్యాక్టరీకి తోలితే టోకెన్, క్యూ, తర్వాత ఎప్పుడో డబ్బు. ర్యాంపులో ధర కాస్త తగ్గినా డబ్బు త్వరగా చేతికొస్తుందని ఒక మాట ఉంది. అది నిజమేనా? 'బంగారుపాళ్యం మండలంలో 2025 సీజన్‌లో తోతాపురి అమ్మిన రైతులకు నెలలోపు డబ్బు అందడం, వాళ్లు ఎక్కడ అమ్మారన్నదాన్ని బట్టి మారిందా?' ఇది ప్రశ్న. దీనికి అవుననో కాదనో, ఎంత తేడా అనో జవాబు ఉంది. ఎవరిని అడగాలో, ఏం అడగాలో, ఎంతమందిని అడగాలో, చివర్లో ఏ టేబుల్ వేయాలో కూడా ఈ వాక్యమే చెప్పేస్తుంది. ఎంబీఏ భాషలో చెప్పాలంటే ఇది సప్లయర్‌కు చెల్లింపులు, క్రెడిట్ పీరియడ్ గురించిన ప్రశ్న. ఆ పేరు పెడితే గైడ్ కూడా ఇది వ్యవసాయం కదా అని అడ్డు చెప్పరు.

మరీ చిన్నదైపోయిందే, వంద పేజీలు ఎలా నిండుతాయి అని భయపడేవాళ్లుంటారు. పేజీల టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. చిన్న ప్రశ్నలోనే లోతుకు వెళ్లడానికి చోటుంటుంది. ఎటొచ్చీ ఆ ప్రశ్నను మన కాళ్లు, మన సమయం, మన డబ్బు అందుకోగలవా అన్నది ముందే చూసుకోవాలి. తోతాపురి కోతలు జూన్, జూలైలలో జోరుగా ఉంటాయి. మీ ప్రాజెక్ట్ జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసేదైతే మీకు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరూ దొరకదు, ర్యాంపులో కాయా దొరకదు. అప్పుడు రైతును కిందటి సీజన్ జ్ఞాపకం మీద అడగాలి. జ్ఞాపకం మీద ధర అడిగితే తప్పుగా చెప్పే అవకాశం ఎక్కువ. డబ్బు నెలలోపు వచ్చిందా అంటే మాత్రం చాలామందికి గుర్తుంటుంది, పైగా బ్యాంకు పాస్‌బుక్కులో జమ అయిన తేదీ ఉంటుంది. పైన ప్రశ్నలో ధరను వదిలి చెల్లింపు కాలాన్ని పట్టుకోవడానికి కారణం ఇదే.

జిల్లా మారింది, లెక్క మారలేదు

సెకండరీ డేటా, అంటే ఇతరులు ముందే సేకరించి పెట్టిన అంకెలు, సులభం, ఇంట్లో కూర్చునే తెచ్చుకోవచ్చని ఒక అభిప్రాయం ఉంది. మన దగ్గర అందులో ఒక ఉచ్చు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు చిత్తూరు జిల్లా అంటే 66 మండలాలు. శ్రీకాళహస్తి, సత్యవేడు, పుత్తూరు, మదనపల్లె, పీలేరు అన్నీ అందులోవే. విభజనతో తిరుపతి జిల్లా వేరైంది, మదనపల్లె వైపు మండలాలు అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి, నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు అప్పుడు తిరుపతి జిల్లాలో కలిశాయి.

ఇది తెలియకుండా 2018 నుంచి 2024 వరకు 'చిత్తూరు జిల్లా' అని ఉన్న అంకెలన్నీ ఒకే వరసలో పెట్టి గ్రాఫ్ గీస్తే ఏమవుతుంది? 2022 దగ్గర గీత ఒక్కసారిగా కిందికి పడుతుంది. మామిడి విస్తీర్ణం తగ్గింది, బ్యాంకు డిపాజిట్లు తగ్గాయి, పరిశ్రమలు తగ్గాయి అని మూడు పేజీల విశ్లేషణ కూడా రాసేయొచ్చు. నిజానికి తగ్గింది జిల్లా. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఉన్న శ్రీసిటీ అక్కడి నుంచి ఎక్కడికీ కదల్లేదు, చిత్తూరు లెక్కల్లోంచి తిరుపతి లెక్కల్లోకి మారిందంతే. మండలాల వారీ అంకెలు తెచ్చుకుని పాత హద్దులకో కొత్త హద్దులకో మళ్లీ కూడుకోవడం ఒక్కటే సరైన దారి. విసుగు పుట్టించే పనే. కానీ ఆ పని చేసినట్టు మెథడాలజీ చాప్టర్‌లో రెండు వాక్యాలు రాస్తే, చదివే ఎగ్జామినర్‌కు మీ మీద నమ్మకం కుదురుతుంది.

ప్రశ్నాపత్రం పట్టుకుని తోటకు వెళ్తే

ప్రైమరీ డేటాలో, అంటే మనమే వెళ్లి సేకరించేదానిలో, కష్టం వేరు. ఇలాంటి ప్రశ్న ఒకటి ఉందనుకోండి: 'ఫ్యాక్టరీ ఇచ్చే ధర, తూకం పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా? పూర్తిగా సంతృప్తి, సంతృప్తి, తటస్థం, అసంతృప్తి, పూర్తిగా అసంతృప్తి.' చెట్టు కింద కూర్చున్న పెద్దాయన ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. "తూకం సరిగ్గానే వేస్తారమ్మా. ధరంటావా, అది అడగొద్దు. ఇంక నువ్వే ఏదో ఒకటి రాసుకో." విద్యార్థిని ఏం రాసుకోవాలి? ఒకటి సంతృప్తి, ఒకటి అసంతృప్తి. నడుమ ఉంది కదా అని 'తటస్థం' దగ్గర టిక్ పెడుతుంది. తూకం మీద నమ్మకం, ధర మీద కోపం స్పష్టంగా ఉన్న మనిషి కాస్తా రిపోర్టులో ఏ అభిప్రాయమూ లేనివాడుగా మిగిలిపోతాడు. అలాంటి వంద టిక్కుల సగటు తీసి 3.1 అని టేబుల్‌లో వేస్తారు. ఒక ప్రశ్నలో ఒకే సంగతి అడగాలన్న నియమం ఇందుకే.

ఆ ఐదు మెట్ల కొలతకు రెన్సిస్ లైకర్ట్ పేరు వచ్చింది 1932లో ఆయన రాసిన పత్రంతో. దాన్ని వాడటంలో తప్పేం లేదు. కానీ చేతికి డబ్బు ఎన్ని రోజులకు వచ్చిందన్న ప్రశ్నకు రోజుల్లో జవాబుంటే, 'త్వరగా వచ్చిందని మీరు అంగీకరిస్తారా' అని ఐదు మెట్లు ఎక్కించడం దేనికి? అభిప్రాయం కావలసిన చోట అభిప్రాయం, లెక్క ఉన్న చోట లెక్క. మన రిపోర్టుల్లో సగానికి సగం టేబుళ్లు ఈ తేడా చూడక పాడవుతున్నాయని నా అభిప్రాయం.

ప్రశ్నాపత్రం ఇంగ్లీషులో తయారు చేసి, రైతు ముందు అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం ఇంకో అలవాటు. ఒక్కో ఇంటి ముందు ఒక్కో రకంగా చెబుతాం. పదో ఇంటికి వచ్చేసరికి ప్రశ్నే మారిపోయి ఉంటుంది. ముందే తెలుగులో రాసుకుని, పది మంది దగ్గర చదివి చూసి, తడబడిన చోట దిద్దుకుని అప్పుడు బయల్దేరాలి.

ఎంతమంది అన్నది రెండో మాట

అందరూ మొదట అడిగేది శాంపిల్ ఎంత ఉండాలని, అంటే ఎంతమందిని ఎంచి అడగాలని. 384 అనో 385 అనో ఒక అంకె అందరి నోటా వినిపిస్తుంది. దాని వెనక ఉన్న లెక్క చిన్నదే. 95 శాతం నమ్మకానికి 1.96, జవాబులు సగం సగం చీలతాయనుకుంటే 0.5, 5 శాతం పొరపాటుకు 0.05. 1.96ను వర్గం చేసి, 0.5తో రెండుసార్లు గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. కాక్రన్ సూత్రం అంటారు. మొత్తం జనాభా తెలిస్తే యమానే సూత్రం వాడతారు. వెయ్యి మంది రైతులుంటే 286 మంది చాలంటుందది. ఒక్క మనిషి తిరిగి చేసే ప్రాజెక్టుకు ఇవి బరువైన అంకెలే. వంద మందినే అడగగలిగితే వందే అడగండి. అప్పుడు పొరపాటుకు అవకాశం అటూ ఇటూ 5 శాతం బదులు దాదాపు 10 శాతం ఉంటుంది. ఆ మాట దాచకుండా రాస్తే సరిపోతుంది.

అసలు సంగతి వేరే ఉంది. ఈ సూత్రాలన్నీ లాటరీ తీసినట్టు ఎంచుకున్న శాంపిల్‌కే వర్తిస్తాయి. తిరుపతి బస్టాండులో నిలబడి, ఖాళీగా కనిపించిన 385 మంది యాత్రికులను అడిగితే 385 అన్న అంకెకు విలువ లేదు. రైలులో వచ్చినవాళ్లు, సొంత కారులో అలిపిరి దాటి నేరుగా కొండెక్కేసినవాళ్లు మీ లెక్కలోకి రానే రారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఇరవై లక్షలకు పైగా జవాబులు సేకరించి లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ అప్పటి 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పేర్లు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో తెలిసిందే. పైగా తిరిగి జవాబు పంపినవాళ్లూ అందరి లాంటివాళ్లు కారు.

మన ఉదాహరణకు వస్తే, మండలంలో తోతాపురి తోటలున్న రైతుల జాబితా కావాలి. ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో, ఉద్యానశాఖ కార్యాలయంలో కాలేజీ లెటర్ చూపించి అడగండి. జాబితాలో 600 పేర్లుంటే మొదటి ఆరింటిలో ఒకటి చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి ఆరో పేరు. ఆ మనిషి తోటలో లేకపోతే మళ్లీ వెళ్లాలి. రచ్చబండ దగ్గర దొరికిన పది మందితో నింపేసుకుంటే పని తొందరగా అవుతుంది గానీ, రచ్చబండ దగ్గర ఎవరు కూర్చుంటారో ఊళ్లో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

జాబితా ఇవ్వకపోతే? అలా జరగడం మామూలే. అప్పుడు అందుబాటులో ఉన్నవాళ్లనే అడిగామని, ఈ ఫలితం వాళ్లకే వర్తిస్తుందని నిజాయితీగా రాసుకోవాలి. 385 సూత్రాన్ని అతికించి అలంకరించకూడదు.

3.84 దగ్గర ఆగిపోయే ఆలోచన

ఇక అందరినీ బెదరగొట్టే భాగం. వంద మంది రైతులను అడిగారనుకుందాం. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలే, ఎక్కడా సేకరించినవి కావు. ఫ్యాక్టరీకి తోలినవాళ్లు 60 మంది, వాళ్లలో నెలలోపు డబ్బు అందినవాళ్లు 30. ర్యాంపులో అమ్మినవాళ్లు 40 మంది, వాళ్లలో అందినవాళ్లు 28. అంటే ఒకచోట 50 శాతం, ఇంకోచోట 70 శాతం.

కై-స్క్వేర్ చేసేది ఇంతే. అమ్మిన చోటుకూ డబ్బుకూ సంబంధమే లేకపోతే ఏ గడిలో ఎంతమంది ఉండేవారో లెక్కేస్తుంది. వంద మందిలో మొత్తం 58 మందికి డబ్బు అందింది కాబట్టి, ఫ్యాక్టరీ వైపు 60 మందిలో 34.8 మందికి అంది ఉండాలి. అందింది 30 మందికి. తేడా 4.8. దాని వర్గం 23.04, దాన్ని 34.8తో భాగిస్తే 0.66. ఇలాగే మిగతా మూడు గడులకూ వేసి కూడితే 3.94 వస్తుంది. రెండు అడ్డం రెండు నిలువు టేబుల్‌కు 5 శాతం స్థాయిలో (అసలు సంబంధమే లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం వందలో ఐదు) హద్దు 3.84. దాటింది. 'శూన్య పరికల్పన (సంబంధమే లేదన్న ఊహ) తిరస్కరించబడింది' అని రాసి, విద్యార్థి ఊపిరి పీల్చుకుంటాడు.

ఇప్పుడు ర్యాంపు వైపు ఒక్క రైతు జవాబు మార్చండి. 28 బదులు 27. కై-స్క్వేర్ 3.00కు పడిపోతుంది, హద్దు దాటదు. ఒక్క రైతు పాస్‌బుక్కు తిరగేసి 'లేదమ్మా, నెల దాటాకే పడింది' అంటే రిపోర్టు తీర్పు తలకిందులవుతుంది. అంతే కాదు, ఎస్పీఎస్ఎస్ ఇలాంటి టేబుల్‌కు పియర్సన్ అంకె (మనం పైన వేసిన కై-స్క్వేర్) కింద ఇంకో వరస కూడా చూపిస్తుంది. అది 1934లో యేట్స్ అనే గణాంక శాస్త్రవేత్త సూచించిన సవరణ. మన మొదటి అంకెలకే ఆ సవరణ వేస్తే 3.16 వస్తుంది. అదీ హద్దు దాటదు. పై వరస చూసినవాడు తేడా ఉందంటాడు, కింది వరస చూసినవాడు తేలలేదంటాడు. టేబుల్ ఒక్కటే.

ఈ చోట విద్యార్థులు గందరగోళపడి, నచ్చిన వరస రిపోర్టులో పెట్టి రెండోది చెరిపేస్తారు. అలా చేయనక్కర్లేదు. ఒక్క రైతు మారినా 50 శాతానికీ 67.5 శాతానికీ తేడా మిగిలే ఉంది. చెప్పాల్సింది ఆ తేడా గురించి. 'మా శాంపిల్‌లో ర్యాంపు రైతులకు త్వరగా డబ్బు అందింది, అయితే ఈ తేడా కేవలం శాంపిల్ వల్ల వచ్చిందేమో అన్న అనుమానాన్ని వంద మందితో పూర్తిగా తోసిపుచ్చలేం' అని రాస్తే అది నిలబడే వాక్యం. 5 శాతం హద్దు ప్రకృతి పెట్టింది కాదు. 1925లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ తన పుస్తకంలో వాడుకకు అనువుగా ఉంటుందని ఎంచుకున్నది, తర్వాత అందరికీ అలవాటైపోయింది. హద్దు దాటకపోతే 'తేడా లేదని రుజువైంది' అని రాయడం మరో పొరపాటు. దొరకలేదు అన్నదానికీ లేదు అన్నదానికీ తేడా ఉంది.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. ర్యాంపులో అమ్మితే డబ్బు త్వరగా వస్తుందని దీంతో తేలినట్టేనా? ఒకటి రెండు ఎకరాల రైతు ఒక్క ట్రాక్టర్ లోడు తీసుకుని ర్యాంపుకు వెళ్తాడనుకోండి. పది ఎకరాలవాడు పది లోడ్లు ఫ్యాక్టరీకి తోలతాడు. చిన్న మొత్తం కాబట్టి త్వరగా ఇచ్చేశారా, ర్యాంపు కాబట్టి ఇచ్చేశారా? ప్రశ్నాపత్రంలో ఎకరాలు, లోడ్లు అడిగి ఉంటే చిన్న రైతులను విడిగా, పెద్ద రైతులను విడిగా పోల్చి చూడొచ్చు. అడగకపోతే ఇక చేయగలిగింది లేదు, మళ్లీ వంద ఇళ్లు తిరగాలి. అందుకే చివరి టేబుల్ ఎలా ఉండాలో ఖాళీ గడులతో ముందే గీసుకుని, ఆ తర్వాతే ప్రశ్నాపత్రం రాయమంటాను. సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం దిగులు అక్కర్లేదు. ఎస్పీఎస్ఎస్ లైసెన్స్ లేకపోతే జామోవీ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ప్రాజెక్టుకు అది ఎక్కువే.

పాత పుస్తకాల చాప్టర్, కాపీ లెక్క

రివ్యూ ఆఫ్ లిటరేచర్ అంటే 'ఫలానా ఆయన ఫలానా సంవత్సరంలో ఇలా అన్నారు' అంటూ ముప్పై పేరాలు పేర్చడం అలవాటైపోయింది. మన ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాళ్లు ఎక్కడ ఒకరితో ఒకరు విభేదించారు, ఎవరు ఏ పంట చూశారు, ఎవరూ చూడనిదేమిటి అన్నది చెబితే ఎనిమిది పేపర్లు చాలు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. చాట్‌బాట్‌ను రిఫరెన్సులు అడిగితే అచ్చం నిజమైనవాటిలా ఉండే లేని పత్రాలను కూడా చెబుతుంది, కాబట్టి తెరిచి చదవని పత్రం పేరు రిపోర్టులో రాయకండి.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల లోపు ఇచ్చిన గడువులో మార్చి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగం, రిఫరెన్సుల జాబితా ఈ లెక్కలోకి రావు. కాలేజీ దగ్గర జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టు కొనేవాళ్లకు ఈ అంకెలు ముందే తెలిస్తే మంచిది.

చివరి చాప్టర్ పేరు 'సూచనలు'. 'కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇవ్వాలి', 'ప్రభుత్వం రైతులను ఆదుకోవాలి' లాంటివి ఏ సర్వే చేయకుండానే రాయొచ్చు. వైవాలో ఎగ్జామినర్ వేలు పెట్టేది ఇక్కడే. ఈ సూచన ఏ టేబుల్ నుంచి వచ్చింది అని అడుగుతారు. మన ఉదాహరణలో చెప్పగలిగింది చిన్నదే: ఫ్యాక్టరీకి తోలిన సగం మందికి నెలలోపు డబ్బు అందలేదు కాబట్టి, టోకెన్ మీదే చెల్లింపు తేదీ రాసివ్వాలి, ఆ తేదీ దాటితే రైతు ఎవరిని అడగాలో అదే కాగితం మీద ఉండాలి. ఏ టేబుల్ అంటే నాలుగో చాప్టర్‌లో మొదటిదని చెప్పొచ్చు. ఆ వంద మంది ఎవరు, ఎలా ఎంచారు అని తర్వాతి ప్రశ్న వస్తుంది. జాబితాలో ప్రతి ఆరో పేరు అని చెప్పి, చీటీ తీసిన పేజీ తెరిచి చూపించొచ్చు.